ముంబైలో ఒక్క ఆదివారం, కాలినడకన: గేట్‌వే నించి మెరీన్ డ్రైవ్ దాకా

డిసెంబర్లో ఒక ఆదివారం మొత్తం ఖాళీ, మీరూ మీ ఆవిడా పదేళ్ళ బాబూ అరవై దాటిన అమ్మగారూ, బస దాదర్‌లో, బస్సెక్కి ముంబై దర్శన్ చేసేయాలా లేక నడిచి చూడొచ్చా, నడిస్తే అమ్మగారు తట్టుకుంటారా, ఇదీ కదా మీ ప్రశ్న. నేను ఫోర్ట్ ఏరియాలో ఉద్యోగం చేసినవాణ్ణి, ఊరి నించి చుట్టాలొచ్చినప్పుడల్లా వాళ్ళని వెంటేసుకుని ఇదే దారిలో తిప్పేవాణ్ణి, అందుకని కాస్త వివరంగానే రాస్తున్నా, ఓపిగ్గా చదువుకోండి.

ముందు ఒక మాట చెప్పేస్తా, ముంబై మొత్తాన్ని నడిచి చూడటం ఎవరి వల్లా కాదు. చర్చ్‌గేట్ నించి బోరివలికి లోకల్ ట్రైన్లోనే దగ్గర దగ్గర గంట. హాజీ అలీ, సిద్ధివినాయక్, సీ లింక్, జుహు, ఎవరో హీరో గారి ఇంటి గేటు, ఇవన్నీ ఒక్క రోజులో లాగించేద్దాం అనుకుంటే రోజంతా మీకు కనపడేది ముందు కారు నంబర్ ప్లేటే. నడవడానికి పనికొచ్చే ముంబై అంటే దక్షిణం కొసన ఉన్న చిన్న ముక్క, తూర్పున గేట్‌వే ఆఫ్ ఇండియా, ఉత్తరాన సీఎస్ఎంటీ (ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్) స్టేషన్, పడమర మెరీన్ డ్రైవ్. ఈ మూడింటి మధ్యలోనే తిరగండి, బయటికి వెళ్ళొద్దు. నేను చెప్పే దారి మొత్తం కలిపినా ఎనిమిది కిలోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, అదీ పొద్దున సగం సాయంత్రం సగం, మధ్యలో పెద్ద రెస్ట్. అమ్మగారికి మోకాళ్ళ నొప్పుల్లాంటివి ఏమీ లేకపోతే హాయిగా అవుతుంది.

ఈ ముక్క ఇంత చిన్నగా, ఇంత దట్టంగా ఎందుకుందో తెలిస్తే నడక ఇంకా బావుంటుంది. ఫోర్ట్ అంటారు గానీ కోట కనపడదు, మా చుట్టాలందరూ ఫస్ట్ అడిగేది అదే, కోట ఎక్కడ అని. బ్రిటిష్ వాళ్ళు కట్టుకున్న గోడలు నిజంగానే ఉండేవి, మూడు గేట్లు, అపోలో గేట్, చర్చ్ గేట్, బజార్ గేట్. గోడల బయట ఫిరంగి గుళ్ళకి ఏదీ అడ్డం రాకూడదని పెద్ద మైదానం ఖాళీగా వదిలేశారు. 1860ల్లో గవర్నర్ బార్టిల్ ఫ్రేర్ టైంలో ఆ గోడలు పడగొట్టేశారు, ఇక శత్రువులు ఎవరొస్తారు, ఊరు పెరగాలి అని. అప్పుడే అమెరికాలో సివిల్ వార్, అక్కడి పత్తి ఆగిపోయింది, ఇక్కడి పత్తి వ్యాపారులు డబ్బులో మునిగి తేలారు. ఆ పత్తి డబ్బు కొంత, సర్కారు డబ్బు కొంత పెట్టి మైదానం అంచున యూనివర్సిటీ, హైకోర్టు లాంటివి వరసగా లేపారు, సముద్రానికి ఎదురుగా. అవును, హైకోర్టుకి అప్పట్లో సీ వ్యూ ఉండేది. తర్వాత 1920లు, 30ల్లో సముద్రాన్ని పూడ్చి మైదానానికి అవతల ఇంకో వరస కట్టారు, అవి నున్నటి గీతల ఆర్ట్ డెకో స్టైల్ ఫ్లాట్లు, సముద్రం ఇంకా పడమరకి జరిగింది, దాని అంచే ఇప్పటి మెరీన్ డ్రైవ్. అంటే మీరు తూర్పు నించి పడమరకి నడుస్తుంటే 1700ల నించి 1930ల దాకా వరసగా దాటుకుంటూ పోతారు. పాత టౌన్ హాల్ నించి మెరీన్ డ్రైవ్ కి నేరుగా చూస్తే కిలోమీటరున్నర, అంతే. ఇంత తక్కువ దూరంలో ఇన్ని కాలాలు పక్కపక్కన దొరికే ఊరు మన దేశంలో ఇంకోటి నేనైతే చూడలేదు. 2018లో యునెస్కో వాళ్ళు గుర్తింపు ఇచ్చింది కూడా ఈ రెండు వరసలకీ కలిపే, ఆ మైదానంలో మిగిలిన ఓవల్ అనే ముక్కకి అటూ ఇటూ, మెరీన్ డ్రైవ్ తో సహా 94 బిల్డింగులు.

కాబట్టి నా సలహా ఒక్కటే, సూర్యుడితో పాటు నడవండి. పొద్దున తూర్పున హార్బర్ దగ్గర మొదలెట్టండి, సాయంత్రం పడమటి సముద్రం దగ్గర ఆపండి. చాలామంది తెలీక రివర్స్ లో చేస్తారు, పొద్దున్నే మెరీన్ డ్రైవ్, సాయంత్రం గేట్‌వే, ఆదివారం సాయంత్రం గేట్‌వే దగ్గర ఇసకేస్తే రాలదు, ఫొటోలో మీ ఇంటోళ్ళు తప్ప ఊరంతా పడుతుంది.

ఇక ఆదివారం మంచిదా శనివారం మంచిదా అని కూడా అడిగారు. ఆదివారమే ఉంచుకోండి. ఫోర్ట్ అంతా ఆఫీసుల ఏరియా, వారంలో పది గంటల నించీ ఫుట్‌పాత్ మీద మనుషులు నడవరు, తోసుకుపోతారు, అమ్మగారితో అది కష్టం. ఆదివారం పొద్దున అదే రోడ్డు మీద పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. నష్టం ఏంటంటే ఆఫీసులకి భోజనం క్యారేజీలు చేర్చే డబ్బావాలాలు కనపడరు, పదకొండున్నర ప్రాంతంలో చర్చ్‌గేట్ స్టేషన్ బయట వాళ్ళు క్యారేజీలు సర్దుకునే హడావుడి చూడాలంటే వారంలో రావాలి. ఇంకో నష్టం, ఫోర్ట్ లోపల చాలా హోటళ్ళు మూత, దాని సంగతి కింద చెప్తా.

పొద్దున ఆరున్నరకి దాదర్లో టాక్సీ ఎక్కేయండి, ఆ టైంకి రోడ్లు ఖాళీ, అరగంటలో దింపేస్తాడు. దక్షిణ ముంబైలోకి ఆటోలు రావు, ఇది గుర్తుపెట్టుకోండి, రోజంతా కాళ్ళు నొప్పెడితే మీకు దిక్కు నలుపు పసుపు టాక్సీయే, మీటరు వేస్తారు, 2025 ఫిబ్రవరి నించి మినిమం 31 రూపాయలు, నలుగురికీ కలిపి ఇంత చవగ్గా ఇంకేదీ రాదు, అందుకే మొహమాటపడకుండా వాడండి, నడక అన్నారు కదా అని అమ్మగారిని పట్టుబట్టి నడిపించక్కర్లేదు. పాత సినిమాల్లో కనపడే ప్రీమియర్ పద్మిని టాక్సీలు మాత్రం లేవు, 2023లో ఆఖరివి కూడా రోడ్డు దిగిపోయాయి, బాబుకి ముందే చెప్పేయండి.

డిసెంబర్లో ఏడు దాటాకే సూర్యోదయం. గేట్‌వే మొహం హార్బర్ వైపు కాబట్టి ఎండ నేరుగా రాయి మీద పడుతుంది, ఆ పసుపు బసాల్ట్ రాయి పది నిమిషాల పాటు తేనె రంగులోకి వస్తుంది. బ్యాగులు చెక్ చేసి పంపిస్తారు, చిన్న బ్యాగు తెచ్చుకోండి. అందరూ గేట్‌వే పాతది, తాజ్ హోటల్ తర్వాత వచ్చింది అనుకుంటారు, నిజానికి తాజ్ 1903లోనే తెరిచారు, గేట్‌వే పూర్తయింది 1924లో. ఐదో జార్జి రాజు 1911లో వచ్చాడని గుర్తుగా కట్టారు గానీ ఆయన దిగినప్పుడు అక్కడున్నది అట్టతో చేసిన నమూనా మాత్రమే, పునాది రాయి 1913లో పడింది. చివర్లో బ్రిటిష్ సైన్యం ఆఖరి దళం 1948 ఫిబ్రవరి 28న ఈ గేటు కింద నించే నడుచుకుంటూ వెళ్ళి ఓడెక్కింది. బాబుకి ఈ చివరి ముక్క నచ్చుతుంది. అక్కడ పడవల వాళ్ళు ఎలిఫెంటా ఎలిఫెంటా అని పిలుస్తారు, వెళ్ళొద్దు, ఒక్కో వైపు గంట ప్రయాణం, ఆ పైన మెట్లు, సగం రోజు దానికే పోతుంది. అది ఇంకో ట్రిప్పుకి, అదీ సోమవారం కాకుండా.

అక్కడ ముప్పావు గంట చాలు. తాజ్ పక్క సందులోంచి కొలాబా వైపు వస్తే రీగల్ సినిమా చౌరస్తా. షాపులు ఆ టైంకి తెరవరు కాబట్టి మీ ఆవిడ గారి షాపింగ్ ఇక్కడ అవ్వదు, మధ్యాహ్నానికి దారి ఉంది. రీగల్ 1933ది, దాన్ని డిజైన్ చేసింది చార్లెస్ స్టీవెన్స్, ఆయన నాన్న ఎఫ్.డబ్ల్యు. స్టీవెన్స్ ఇంకో రెండు మూడు గంటల్లో మీరు చూడబోయే సీఎస్ఎంటీ స్టేషన్ కట్టినాయన. తండ్రిది అంగుళం ఖాళీ లేకుండా చెక్కిన గోతిక్ రాయి, కొడుకుది నున్నటి గీతల సిమెంటు. ఒక్క తరంలో టేస్ట్ అంత మారిపోయింది.

చౌరస్తా దాటి మ్యూజియం గేటు పక్క నించి కాలా ఘోడా వైపు పోండి, మ్యూజియంలోకి ఇప్పుడే దూరొద్దు, అది మధ్యాహ్నం ఎండకి దాచుకోండి. కాలా ఘోడా అంటే నల్ల గుర్రం, ఒకప్పుడు ఏడో ఎడ్వర్డ్ గుర్రం మీదున్న విగ్రహం ఉండేది, 1965లో దాన్ని బైకల్లా జూకి తరలించేశారు, ఇప్పుడున్నది 2017లో పెట్టిన గుర్రం, దాని మీద రౌతు లేడు. ఈ ముక్కలో అరగంట నిదానంగా తిరగండి. నీలం రంగు వేసిన సినగాగ్ ఒకటుంది, 1884ది, యూదుల ప్రార్థనా మందిరం, లోపలికి వెళ్ళాలంటే ఐడీ కార్డు అడుగుతారు, ఆధార్ దగ్గరుంచుకోండి. ఆ దగ్గర్లోనే ఒక పాడుబడిన పెద్ద ఇనప బిల్డింగ్ కనపడుతుంది, దాన్ని చూసి ఛీ అనుకుని వెళ్ళిపోతారు జనం. అది వాట్సన్ హోటల్, ఇనప ముక్కలన్నీ ఇంగ్లండ్ లో పోతపోసి ఓడల్లో తెచ్చి 1860ల్లో ఇక్కడ బిగించారు. మన దేశంలో మొట్టమొదటి సినిమా ప్రదర్శన జరిగింది అందులోనే, 1896 జూలై 7న, లూమియేర్ బ్రదర్స్ వాళ్ళ బొమ్మలు. సినిమా అంటే ప్రాణం పెట్టే మనం ఆ బిల్డింగ్ ముందు ఒక్క నిమిషం నిలబడకపోతే ఎలా అండీ.

ఇక్కణ్ణించి ఉత్తరానికి పది పన్నెండు నిమిషాలు నడిస్తే హార్నిమన్ సర్కిల్. నన్నడిగితే ఈ రోజు మొత్తంలో బెస్ట్ చోటు ఇదే, గేట్‌వే కన్నా, మెరీన్ డ్రైవ్ కన్నా. గుండ్రటి పార్కు, దాని చుట్టూ విల్లులా వంగిన బిల్డింగులు, కింద ఆర్కేడ్లు, అంటే ఆర్చిల వసారాలు. ఆర్చిల నడినెత్తిన ఉన్న రాయిని చూడండి, మొహాలు చెక్కి ఉంటాయి, గడ్డాలు, కిరీటాలు, ఒక్కో మొహం ఒక్కో రకం, ఇవి చూడాలంటే తల పైకెత్తాలి, కింద షాపు బోర్డులు తప్ప ఏం కనపడవు. అసలు ఫోర్ట్ మొత్తానికీ ఇదే సూత్రం, కింద అంతస్తుని వదిలేసి మొదటి అంతస్తు నించి పైకి చూస్తూ నడవండి, కాకపోతే చూడాలనుకున్నప్పుడు ఆగి చూడండి, ఫుట్‌పాత్ పలకలు ఎక్కడ లేచుంటాయో చెప్పలేం. ఒక పక్కన ఎర్ర బిల్డింగ్ ఉంటుంది, ముంబై సమాచార్ గుజరాతీ పేపర్ ది, 1822లో మొదలై ఇప్పటికీ వస్తోంది. సర్కిల్ కి పేరిచ్చిన హార్నిమన్ ఇంగ్లీషు ఆయనే, బాంబే క్రానికల్ ఎడిటర్, జలియన్‌వాలా బాగ్ సంగతులు బయటికి రానిచ్చాడని 1919లో ఆయన్ని దేశం నించి పంపించేశారు. తెల్లవాడి పేరు స్వతంత్రం వచ్చాక పెట్టుకున్నారంటే కారణం అదీ.

సర్కిల్ కి తూర్పు పక్క తెల్లటి స్తంభాల టౌన్ హాల్, 1833ది, ఏషియాటిక్ సొసైటీ లైబ్రరీ అందులోనే. ఆదివారం లోపలికి ఉండదు, అక్కర్లేదు కూడా. దాని ముందు వెడల్పాటి మెట్లున్నాయి చూడండి, బిల్డింగ్ మొహం పడమరకి కాబట్టి పొద్దున పూట ఆ మెట్ల మీద మంచి నీడ. అమ్మగారిని కూర్చోబెట్టండి, తెచ్చుకున్న ఇడ్లీయో బిస్కట్లో తినండి, ఇరవై నిమిషాలు కదలొద్దు. ఆ ఎదురుగానే 1850ల్లో మర్రిచెట్ల కింద కూర్చుని కొందరు బ్రోకర్లు షేర్లు కొనేవాళ్ళు అమ్మేవాళ్ళు, వాళ్ళ సంఘమే 1875లో స్టాక్ ఎక్స్‌చేంజ్ అయింది, దాని టవర్ ఆ వెనక సందులోనే, తల తిప్పితే కనపడుతుంది.

సర్కిల్ కి అవతల పక్క సెయింట్ థామస్ చర్చి, 1718లో ప్రార్థనలు మొదలయ్యాయి. చర్చ్‌గేట్ అనే స్టేషన్ పక్కన చర్చి లేదేంటి అని చాలామందికి డౌటు, ఆ చర్చి ఇదే, కోట గోడకి ఇటు దారి తీసే గేటు చర్చ్ గేట్. పాతకాలం మైలురాళ్ళ మీద దూరాలు కొలిచింది కూడా ఇక్కణ్ణించే. ఆదివారం పొద్దున సర్వీస్ జరుగుతుంటే అయ్యేదాకా ఆగి వెళ్ళండి, గోడల నిండా చలువరాతి ఫలకాలు, వాటి మీద పాతిక, ముప్పై ఏళ్ళకే ఇక్కడ పోయిన కుర్రాళ్ళ పేర్లు బోలెడు. రాజ్యం ఏలడానికి వచ్చినవాళ్ళు కూడా జ్వరాలకి ఎలా రాలిపోయారో అర్థమవుతుంది.

చర్చి నించి ఐదు నిమిషాల్లో ఫ్లోరా ఫౌంటెన్, 1864. పడగొట్టిన చర్చ్ గేట్ సరిగ్గా ఇక్కడే ఉండేది, అంటే ఈ ఫౌంటెన్ దాటగానే మీరు కోట బయటికొచ్చినట్టు. పక్కనే హుతాత్మా స్మారకం, సంయుక్త మహారాష్ట్ర కోసం జరిగిన ఉద్యమంలో కాల్పుల్లో చనిపోయిన వాళ్ళది, వందకు పైగా మంది. భాష కోసం రాష్ట్రం, దానికోసం ప్రాణాలు అంటే మన తెలుగోళ్ళకి ఒకళ్ళు చెప్పాలా, మనకి 1953లో ఆంధ్ర వస్తే వాళ్ళకి 1960 మే 1న మహారాష్ట్ర వచ్చింది.

ఇక్కణ్ణించి సీఎస్ఎంటీ దాకా దాదాభాయ్ నౌరోజీ రోడ్డు, అందరూ డీఎన్ రోడ్ అంటారు, కిలోమీటరు లోపే. ఎండ అప్పటికి ఎక్కుతుంది గానీ భయం లేదు, ఇక్కడ ప్రతి బిల్డింగూ కింద ఆర్కేడ్ వదలాలని 1896లో రూల్ పెట్టారు, అందుకే నీడలోనే నడిచిపోవచ్చు, వానాకాలంలో గొడుగు లేకుండా కూడా చాలా దూరం పోవచ్చు. వారంలో అయితే ఆ ఆర్కేడ్ల నిండా ఫుట్‌పాత్ వ్యాపారం, ఆదివారం పల్చగా ఉంటుంది.

సీఎస్ఎంటీ గురించి ఎంత చెప్పినా తక్కువే. 1878లో పని మొదలెట్టి పదేళ్ళు కట్టారు. 1996లో పేరు మార్చారు, 2017లో మహారాజ్ అని కలిపారు, టాక్సీ అతనికి మాత్రం ఇప్పటికీ వీటీ అంటేనే చప్పున తెలుస్తుంది. బాబుకి ఇక్కడ ఒక పని అప్పజెప్పండి, ఎన్ని జంతువులు దొరుకుతాయో వెతకమనండి. గేటు స్తంభాల మీద ఒక పక్క సింహం, ఒక పక్క పులి, సింహం బ్రిటన్, పులి ఇండియా అన్నమాట. ఇక గోడల మీద, కిటికీల చుట్టూ, నీళ్ళు కారే తూముల దగ్గర నెమళ్ళు, కోతులు, గుడ్లగూబలు, ఉడతలు, ఆకులు తీగెలు అన్నీ జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్ విద్యార్థులు చెక్కినవి. మా మేనల్లుడు ఒకడు ఇక్కడ గంట సేపు ఆడాడు ఈ ఆట, ఫోన్ అడగలేదు. టికెట్లిచ్చే హాల్లోకి కూడా వెళ్ళి పైకప్పు చూడండి, ఎవరూ ఏమీ అనరు, అది రోజూ లక్షల మంది తొక్కే మామూలు స్టేషన్, యునెస్కో లిస్టులో 2004 నించి ఉంది అంతే. మొత్తం బిల్డింగ్ కనపడాలంటే ఎదురుగా మున్సిపల్ కార్పొరేషన్ బిల్డింగ్ పక్కకి రావాలి, అదీ స్టీవెన్స్ గారిదే, 1893. రోడ్డు దాటడానికి కింద సబ్‌వే ఉంది, మెట్లు ఎక్కువ, అమ్మగారికి వద్దు, సిగ్నల్ దగ్గర దాటించండి. ఒక్క చిక్కు, స్టేషన్ మొహం పడమరకి, పొద్దున పూట ఎండ వెనక నించి వస్తుంది కాబట్టి ఫొటో నల్లగా వస్తుంది. ఫొటో పిచ్చి ఉన్నవాళ్ళు రాత్రి లైట్లలో మళ్ళీ వస్తారు, మీరైతే కళ్ళతో చూసేయండి.

ఇక్కడికి పదకొండు, పదకొండున్నర అవుతుంది, నాలుగు కిలోమీటర్ల చుట్టూ నడిచుంటారు, ఆకలేస్తుంది. ఫోర్ట్ లో హోటళ్ళు చాలావరకు మూత కదా, పక్కన ధోబీ తలావ్ కి ఒక పది నిమిషాలు, అక్కడ 1904 నాటి కయానీ ఇరానీ కేఫ్ ఉంది, గళ్ళ టేబుల్ క్లాత్, వంచిన చెక్క కుర్చీలు, బన్ మస్కా, చాయ్, మావా కేకు, తినేవాళ్ళకి ఖీమా పావ్. హైదరాబాద్ ఇరానీ చాయ్ అలవాటున్నవాళ్ళు దాంతో పోల్చకండి, ఇది వేరే టైపు, పల్చగా ఉంటుంది. బన్ను టీలో ముంచుకుని తినడమే పద్ధతి, మస్కా కరిగి టీ మీద తేలుతుంది, చూడ్డానికి బావుండదు, తింటే బావుంటుంది. అమ్మగారు శాకాహారులైతే అక్కణ్ణించి కాస్త ముందుకు కల్బాదేవి వైపు వెళ్తే గుజరాతీ థాలీ పెట్టే పాత భోజనాలయాలున్నాయి, వద్దు అనేదాకా వడ్డిస్తూనే ఉంటారు. కానీ థాలీ తిన్నాక నడక సాగదు, అది కూడా ఆలోచించుకోండి.

పన్నెండు నించి మూడున్నర దాకా నడవొద్దు. డిసెంబరైనా సరే, ముంబైలో చలి అనేది పేరుకే, మధ్యాహ్నం ఉక్క ఉక్కే. మీ ఆవిడ గారికి ఫ్యాషన్ స్ట్రీట్ కావాలంటే ధోబీ తలావ్ నించి ఎంజీ రోడ్డు మీద మ్యూజియం వైపు వెళ్తుంటే దార్లోనే తగులుతుంది, చెప్పిన రేటులో సగం దగ్గర మొదలెట్టమనండి, వెళ్ళిపోతున్నట్టు నాలుగడుగులు వేస్తే వాడే పిలుస్తాడు, ఇవి మనవాళ్ళకి నేను నేర్పక్కర్లేదు. మీరు, బాబు, అమ్మగారు మాత్రం టాక్సీలో నేరుగా ఛత్రపతి శివాజీ మహారాజ్ వస్తు సంగ్రహాలయానికి వెళ్ళిపోండి, పాత పేరు ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియం, ఆదివారం కూడా తెరిచే ఉంటుంది. గేట్‌వే డిజైన్ చేసిన జార్జ్ విటెట్టే దీన్నీ చేశాడు, గుమ్మటం బీజాపూర్ గోల్ గుంబజ్ చూసి పెట్టింది. జనాలకి 1922లో తెరిచారు, అంతకు ముందు మొదటి ప్రపంచ యుద్ధంలో మిలిటరీ ఆసుపత్రిగా వాడారు. అన్నీ చూడాలని పెట్టుకోకండి, ఆయుధాల గ్యాలరీ, జంతువుల సెక్షన్ బాబుకి, మినియేచర్ పెయింటింగులు మీకు, మిగతా టైం తోటలో చెట్టు కింద. అమ్మగారు అక్కడ బెంచీ మీద ఓ కునుకు తీసినా ఎవరూ లేపరు.

బాత్రూంల సంగతి ఎవరూ రాయరు, ఆడవాళ్ళతో నడిచేటప్పుడు అన్నిటికన్నా ముఖ్యం అదే. గేట్‌వేకి బయల్దేరే ముందు హోటల్లోనే కానిచ్చుకోండి, తర్వాత సీఎస్ఎంటీలో ఉన్నాయి, మ్యూజియంలో శుభ్రంగా ఉంటాయి, సాయంత్రానికి చర్చ్‌గేట్ స్టేషన్. మధ్యలో అంటే మ్యూజియం పక్కన జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ, ఎంట్రీ ఫ్రీ, పదకొండింటికి తెరుస్తారు, ఎలాగూ వెళ్ళారు కాబట్టి బొమ్మలు కూడా చూసి రండి.

నాలుగింటికి మ్యూజియం నించి బయటపడి యూనివర్సిటీ ముందు రోడ్డుకి వచ్చేయండి, ఓవల్ మైదానం. పొద్దున సీఎస్ఎంటీకి వచ్చిన చిక్కు ఇక్కడ లాభం, యూనివర్సిటీ, హైకోర్టు రెండూ పడమరకి చూస్తుంటాయి, సాయంత్రం ఎండ ముందు నించి పడి చెక్కడాలన్నీ లేచి కనపడతాయి. మధ్యలో ఆకాశానికి లేచిన గడియారం స్తంభం రాజాబాయి టవర్, 1878లో అయింది, 85 మీటర్లు. పత్తి వ్యాపారి ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ డబ్బిచ్చి వాళ్ళమ్మ పేరు పెట్టమన్నాడు. ఆవిడకి చూపు లేదని, జైనులు కాబట్టి పొద్దు గుంకే లోపు తినేయాలి, టైం తెలియడానికి గంట మోగేలా కట్టించాడని అంటారు. డిజైన్ గీసిన జార్జ్ గిల్బర్ట్ స్కాట్ మాత్రం ఇండియాలో అడుగు పెట్టలేదు, లండన్ నించే గీసి పంపాడు.

ఓవల్ మధ్యలోంచి అడ్డంగా కాలిబాట ఉంది, ఎవరైనా నడవొచ్చు. ఆదివారం అక్కడ ఎన్ని క్రికెట్ మ్యాచులు ఒకేసారి జరుగుతాయో లెక్కపెట్టలేం, ఒక టీం ఫీల్డర్ ఇంకో టీం వికెట్ పక్కనే నిలబడుంటాడు, అయినా ఎవడి బంతి ఎవడిదో వాళ్ళకి తెలుసు. బంతి మీద ఓ కన్నేసి నడవండి. సరిగ్గా మధ్యకొచ్చాక ఆగి ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకి చూడండి. వెనక గోతిక్, కోసు శిఖరాలు, చెక్కిన రాయి. ముందు ఆర్ట్ డెకో, నాలుగైదు అంతస్తుల ఫ్లాట్లు, గుండ్రటి బాల్కనీలు, కిటికీల మీద కనుబొమల్లాంటి చూర్లు, మెట్ల కిటికీ పొడుగునా డిజైన్ గ్రిల్లు. ఎండ, వాన, గాలి మూడింటినీ చూసుకుని కట్టిన ఇళ్ళు అవి, ఇప్పటికీ మనుషులు కాపరం ఉంటున్నారు, బాల్కనీలో బట్టలు ఆరేసుంటాయి. వరస చివర్న చర్చ్‌గేట్ ఎదురుగా ఈరోస్ సినిమా, 1938. ఆ దగ్గర్లోనే క్రాస్ మైదానం మూల మీద భీఖా బెహ్రామ్ బావి ఉంది, 1725లో ఒక పార్సీ ఆయన తవ్వించింది, సముద్రం అంత దగ్గరైనా తియ్యటి నీళ్ళు. పార్సీలు కాని వాళ్ళు లోపలికి వెళ్ళకూడదు, బయట నించే చూసి కదలండి.

ఈరోస్ నించి మెరీన్ డ్రైవ్ కి నేరుగా రోడ్డు, ఎనిమిది పది నిమిషాలు. డిసెంబర్లో ఆరింటికల్లా పొద్దు గుంకుతుంది కాబట్టి ఐదింపావుకి సముద్రం పక్క గోడ మీద చోటు పట్టుకోండి, ఆలస్యమైతే చోటు దొరకదు. ఈ సముద్రం పక్క నడక దారి మొత్తం 3.6 కిలోమీటర్లు, మీకు కావలసింది ఉత్తరం వైపు చౌపాటీ దాకా రెండు కిలోమీటర్లే. అలలు కొట్టే చోట టెట్రాపాడ్లు, అంటే నాలుగు కాళ్ళ సిమెంటు దిమ్మలు ఉంటాయి, బాబుని వాటి మీదికి దిగనివ్వద్దు, పాచి పట్టి జారుతుంటాయి, కుర్రాళ్ళు దిగుతున్నారు కదా అని చూసి మోసపోకండి. సూర్యుడు దిగిపోయాక నిదానంగా చౌపాటీ వైపు నడవండి, లైట్లు వెలిగేది అప్పుడే, వంకీ తిరిగిన ఆ దీపాల వరస అవతలి కొస నించి చూస్తేనే కనపడుతుంది, కింద నడుస్తుంటే మామూలు వీధి దీపాల్లాగే ఉంటాయి. అమ్మగారి కాళ్ళు అప్పటికి మొరాయిస్తే ఆవిడనీ మీ ఆవిడనీ టాక్సీలో చౌపాటీకి పంపించి మీరిద్దరూ నడిచి రండి. భేల్ పూరీ, పావ్ భాజీ, కుల్ఫీ అన్నీ చౌపాటీ ఇసకలో స్టాళ్ళ దగ్గరే, దార్లో ఏమీ దొరకదు, మహా అయితే టీ అమ్మే కుర్రాళ్ళు.

తిరుగు ప్రయాణం సులువే. చౌపాటీ పక్కనే చర్నీ రోడ్ స్టేషన్, వెస్టర్న్ లైన్ స్లో ట్రైన్ ఎక్కితే గ్రాంట్ రోడ్, ముంబై సెంట్రల్, మహాలక్ష్మి, లోయర్ పరేల్, ప్రభాదేవి దాటాక దాదర్, అంటే ఆరో స్టాపు. ఆదివారాలు రిపేర్ల కోసం ట్రైన్లు ఆపే బ్లాకులుంటాయి, సెంట్రల్ లో మెగా బ్లాక్ అంటారు వెస్టర్న్ లో జంబో బ్లాక్ అంటారు, అవి మామూలుగా పగటి పూటే కాబట్టి రాత్రికి ఇబ్బంది ఉండదు, అయినా ముందు రోజు పేపర్లో వస్తుంది, చూసుకోండి. జనం ఎక్కువుంటే చర్చ్‌గేట్ కి వెనక్కి వచ్చి అండర్‌గ్రౌండ్ మెట్రో ఎక్కొచ్చు, 2025లో అది కఫ్ పరేడ్ దాకా వచ్చేసింది, దాదర్లో కూడా స్టేషన్ ఉంది, లిఫ్టులు ఏసీలు ఉన్నాయి కాబట్టి అమ్మగారికి అదే నయం. మీరు ఏ రైలుకి దిగుతున్నారో రాయలేదు, ఒకవేళ అదే రోజు పొద్దున్నే సీఎస్ఎంటీలో దిగేటట్టయితే సామాను అక్కడి క్లోక్ రూంలో పెట్టేసి నేరుగా గేట్‌వేకి వెళ్ళిపోవచ్చు, బ్యాగులకి తాళం ఉంటేనే తీసుకుంటారు, తాళాలు తెచ్చుకోండి.